జోసీకి మొదటి తుపాకీ

మావయ్య ఆ తుపాకీని పాత బొంతలో చుట్టి తెచ్చాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, బీన్సూ మొక్కజొన్న రొట్టే తిని, అందరం ఇంకా బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాం. ఆయన గిన్నెలు పక్కకు జరిపి బొంత విప్పుతుంటే, మా మరిది డెంజిల్ చాపుకున్న ఎడమ కాలిని గబుక్కున కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఎందుకు లాక్కున్నాడో అప్పుడు ఆలోచించలేదు. చూశాను, అంతే. నాకు అన్నీ కనిపిస్తాయి. నా భర్త రోయ్స్ దాన్ని జబ్బు అంటాడు.

"ఇదిగో బంగారూ. శనివారం ఉడతల వేట మొదలు. ఈ ఇంటి పిల్ల మొదటి ఉడతను దీంతోనే కొట్టాలి" అన్నాడు మావయ్య, మా జోసీ వైపు తిరిగి.

జోసీకి తొమ్మిదేళ్ళు. కుర్చీ మీద నిలబడిపోయింది. "నాదేనా తాతా? నిజంగా నాదేనా?"

"ముందు కుర్చీ దిగు. తర్వాత నీదే."

మా అత్తవారింట్లో పిల్లలకు మొదటి తుపాకీ కొనరు. ఉన్నదే చేతులు మారుతుంది. మొదటి ఉడతను కొట్టిన రోజు సాయంత్రం, జేబుకత్తితో తుపాకీ మడమ మీద, అంటే భుజానికి ఆనించే చెక్క మీద, పేరు పొడి అక్షరాలు చెక్కుకుంటారు. పై నుంచి వరసగా ఉన్నాయి. మావయ్య వాళ్ళ నాన్నవి, తర్వాత మావయ్యవి. అడుగున డెంజిల్‌వి. మావయ్యకూ డెంజిల్‌కూ మధ్యలో బొటనవేలంత చోటు నున్నగా, మిగతా చెక్క కంటే నల్లగా ఉంది. మావయ్యకు పెద్ద కొడుకు రోయ్స్. ఆ చోట ఉండాల్సింది అతని అక్షరాలు.

"ట్రిగ్గర్ చూడు అమ్మాయ్, వెన్న" అన్నాడు మావయ్య నాతో. "మా నాన్న కాలంలో మొండిగా ఉండేది. పిల్లల వేళ్ళకు బలం చాలడం లేదని నేనే విప్పి లోపల ఆకురాయితో అరగదీశాను. ఈ లోయలో ఇంత మెత్తని ట్రిగ్గర్ ఇంకో ఇంట్లో లేదు."

"ఈ మధ్యలో ఏమైంది మావయ్యా? ఇక్కడ గీకినట్టుంది."

"అదా? ఓసారి పొయ్యికి ఆనించి పెట్టారు, కాలింది. గరుకు కాగితంతో రుద్దాను." అక్కడితో బొంత మడత పెట్టడంలో పడ్డాడు.

రాత్రి పక్క సర్దుతూ రోయ్స్‌ని అడిగాను. "నీ అక్షరాలు ఎందుకు లేవు?"

"నేను చెక్కుకోలేదు."

"మొదటి ఉడత కొట్టలేదా?"

"కొట్టాను. చెక్కుకోలేదు. పడుకో మేలీన్, నాలుగింటికి లేవాలి నేను." గ్యాసు గొట్టాలు వేసే పని అతనిది. సోమవారం వెళితే మళ్ళీ శుక్రవారం వస్తాడు. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. నిద్రపోయినట్టు ఊపిరి తీశాడు. పదేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, నాకా తేడా తెలియదా?

కాలింది అని ఒకరు, చెక్కనే లేదు అని ఒకరు. కాలితే పక్కనున్న మావయ్య అక్షరాల అంచు కూడా కమలాలి కదా. నేను పదకొండో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. కడుపులో జోసీ ఉంది అప్పుడు. కానీ ఇద్దరు రెండు మాటలు చెబితే కనీసం ఒకటి అబద్ధమని తెలుసుకోవడానికి పన్నెండో తరగతి అక్కర్లేదు.

మంగళవారం డెంజిల్ మా బాయిలర్ బాగు చేయడానికి వస్తే, కాఫీ ఇచ్చి అతన్నీ అడిగాను.

"వదినా, ఉడత కూర ఎలా వండాలో అడుగు, చెప్తాను. నీ వంట ఎలాగూ బాగుపడాలి" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. "అది మాత్రం నన్ను అడక్కు."

అతను కుంటుతూ మెట్లు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎడమ పాదానికి రెండు వేళ్ళు లేవు. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్ కింద పడ్డాయని నా పెళ్ళిలోనే చెప్పారు. ఆదివారం కుర్చీ కిందికి లాక్కున్నది ఆ పాదమే.

బుధవారం బడి నుంచి జోసీని తీసుకుని హోబార్ట్ కొట్టుకు వెళ్ళాను. మేకులు, పశువుల దాణా, వెనక గోడకు తుపాకులు. చెవులకు పెట్టుకునేవీ, ఒక పెట్టె ట్వంటీ టూ తూటాలూ తెమ్మని మావయ్య చెప్పాడు. హోబార్ట్ పెద్దాయనకు కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరే ఉంటుంది.

"ఎవరికమ్మా తూటాలు?"

"దీనికి. శనివారం మొదటిసారి వెళుతోంది."

ఆయన అడక్కుండానే గోడ మీద నుంచి ఒక పొట్టి రైఫిల్ దించాడు. వెనక గడియలా ఉండే బోల్ట్ తెరిచి, తూటా లేదని లోపల చిటికెన వేలు పెట్టి, నాకూ చూపించి, అప్పుడు జోసీకి ఇచ్చాడు. "మడమ మోచేతి మడతలో పెట్టు తల్లీ. వేలు ట్రిగ్గర్‌కి అందుతోందా? అందింది. ఇప్పుడు చాపి పట్టుకో. ఇరవై లెక్కపెట్టు. చెయ్యి వణికితే నీకు బరువన్నమాట."

జోసీ పళ్ళు బిగించి ఇరవై లెక్కపెట్టింది. వణకలేదు.

"దీనిలో ఒక్కసారికి ఒక్క తూటాయే పడుతుంది. బోల్ట్ మూసినంత మాత్రాన పేలదు. వెనకున్న ఈ బొడిపెను చేత్తో వెనక్కి లాగితేనే కొట్టడానికి సిద్ధమవుతుంది. లాగు చూద్దాం."

జోసీ లాగింది. రెండు చేతులతో లాగింది. మొహం ఎర్రబడింది గానీ బొడిపె సగం దాకా వచ్చి ఆగింది.

"లాగలేకపోతే ఇంకా వేళ కాలేదని అర్థం. మంచి కొలత అది" అన్నాడు.

ఇతనూ అమ్ముకోవాలి కదా, అనుకున్నాను. "మాకు ఉందండీ. మా మావయ్య ఇంటిది."

"మీ మావయ్య, వెర్లిన్ ఇంటిదా?" ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు. "నేనేమీ అననమ్మా. ఒక్క పరీక్ష చెయ్యి. గొట్టం వెనక తూటా పెట్టే గదిలో ఏమీ లేకుండా చూసుకో. పేలిపోయిన డొల్ల ఒకటి లోపల పెట్టు, తూటాను పొడిచే సూది దెబ్బతినకుండా. బోల్ట్ మూసెయ్యి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వెయ్యి. గొట్టం కిటికీ బయటి మట్టి గట్టు వైపు ఉంచి, మడమను నేల మీద గట్టిగా కొట్టు. లోపల సూది పడి టక్ అనకూడదు. ఒక్కసారి కాదు, పదిసార్లు."

"అంటే?"

"నేనేమీ అననన్నాను కదా." గల్లాపెట్టె కింద నుంచి ఒక ఖాళీ ఇత్తడి డొల్ల తీసి నా అరచేతిలో పెట్టాడు.

దారంతా జోసీ ఏడుస్తూనే ఉంది. ఆ బొడిపె లాగలేకపోయినందుకు కాదట. "నువ్వు ఆ ముసలాయన మాట విని తాత తుపాకీ తీసేసుకుంటావు. నాకు తెలుసు. నువ్వు ఎవర్నీ నమ్మవు."

నిజమే, ఆ ముసలాయన్ని కూడా నమ్మలేదు. కొత్తది అమ్మాలంటే పాతదాన్ని అనుమానించేలా చేయడమే కదా తేలిక. కానీ మర్నాడు మధ్యాహ్నం, జోసీ బడిలో ఉండగా, తలుపు గొళ్ళెం వేసి బొంత విప్పాను. తూటా గదిలో మూడుసార్లు చూశాను. చిటికెన వేలు పెట్టి నాలుగోసారి. డొల్ల పెట్టాను, బోల్ట్ మూశాను, సేఫ్టీ వేశాను. మడమను చెక్క నేల మీద కొట్టాను.

ఏమీ లేదు.

రెండోసారి, మూడోసారి కూడా ఏమీ లేదు. సిగ్గేసింది. మావయ్య ఎంత ప్రేమగా తెచ్చాడు, నేనేం చేస్తున్నాను తలుపులేసుకుని దొంగలా, అనిపించింది. ఇదొక్కసారీ కొట్టి చుట్టేద్దామని కొట్టాను.

టక్.

నా వేలు తగిలిందేమో అనుకున్నాను. బోల్ట్ తెరిచి మూసి, సేఫ్టీ వేసి, రెండు చేతులూ గొట్టం మీదే పెట్టి మళ్ళీ మళ్ళీ కొట్టాను. టక్. సేఫ్టీ వేసే ఉంది. ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను. ట్రిగ్గర్‌కి మా పిల్ల వేలు అక్కర్లేదు. అడవిలో వేరు తట్టుకుంటే చాలు.

శుక్రవారం సాయంత్రం రోయ్స్ వచ్చాడు. అందరినీ భోజనానికి పిలిచాను. మావయ్య వచ్చాడు, డెంజిల్ వచ్చాడు. జోసీని పక్కింట్లో వదిలాను. ఎవరూ ముద్ద ఎత్తకముందే తుపాకీ తెచ్చాను. బోల్ట్ తెరిచి ఖాళీ తూటా గది మావయ్యకు చూపించాను.

"ఏంటమ్మాయ్, తిండి దగ్గర?"

"ఒక్క నిమిషం చూడండి మావయ్యా." డొల్ల పెట్టి, సేఫ్టీ వేసి కొట్టాను. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాను. ఏమీ లేదు.

మావయ్య నవ్వాడు. "ఈ గారడీ ఎవరు నేర్పారు, ఆ హోబార్టా? వాడికి కొత్తది అమ్ముకోవాలి. పట్నంలో పెరిగినదానివి, నిన్ను—"

టక్.

మావయ్య చెయ్యి చాచాడు. "ఇటివ్వు. నువ్వు వేలు పెట్టావు." బోల్ట్ తెరిచి మూసి, సేఫ్టీ వేసి ఆయనే కొట్టాడు. గొట్టం పట్టుకున్న చేతులు అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు, తనకే సాక్ష్యం చెప్పుకుంటున్నట్టు. నాలుగోసారికి టక్ మంది.

"నేను వేలు పెట్టలేదు నాన్నా" అన్నాడు రోయ్స్.

ముందు అర్థం కాలేదు నాకు. నేను కదా వేలు పెట్టలేదని చెప్పాల్సింది? అతను పళ్ళెం వైపే చూస్తున్నాడు.

"ఆ రోజు కంచె దాటుతూ తుపాకీని పడుకోబెట్టి మడమను రాయికి ఆనించాను. వేలు బయటే ఉంది. డెంజిల్ ముందు నడుస్తున్నాడు. దానంతటదే పేలి వాడి పాదానికి తగిలింది. అప్పుడే చెప్పాను. నువ్వు నమ్మలేదు. పదకొండేళ్ళవాణ్ణి, నా మీద నాకే నమ్మకం పోయింది. పెట్టే ఉంటాననుకున్నాను. పద్దెనిమిదేళ్ళుగా అదే అనుకుంటున్నాను."

మావయ్య తుపాకీని బల్ల మీద పెట్టలేదు, కింద పెట్టలేదు. పట్టుకునే ఉన్నాడు. "నీ అక్షరాలు నేనే తీసేశాను" అన్నాడు. అది కొడుకులిద్దరికీ తెలిసినదే, నాకు చెబుతున్నట్టు నా వైపు చూసి చెప్పాడు. "బుద్ధి రావాలని."

"ఇతనికెందుకు ఇచ్చారు మరి, అలాంటి దాన్ని?" అన్నాన్నేను, డెంజిల్‌ని చూపించి.

"తుపాకీది తప్పని ఎవరనుకున్నారు?" అన్నాడు మావయ్య.

"నేను అనుకున్నాను" అన్నాడు డెంజిల్. "అన్నయ్య అబద్ధం చెప్పడు. కానీ నాన్న స్వయంగా అరగదీసింది పాడైందని ఎవరు చెప్తారు ఈ ఇంట్లో? దాంతో తిరిగిన మూడేళ్ళూ చెట్టు కింద కూర్చున్నాకే తూటా పెట్టేవాణ్ణి." నా వైపు తిరిగి, "జోసీకి కూడా ఆ మాటే చెప్దామనుకున్నాను. శనివారం పొద్దున" అన్నాడు.

"శనివారం పొద్దున!" అన్నాను. ఆ రోజు అతని మీద వచ్చినంత కోపం మావయ్య మీద కూడా రాలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మావయ్య బోల్ట్ ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాడు. తర్వాత ఇంకో జేబులోంచి కత్తి తీసి, పిడి వైపు ముందుకు పెట్టి రోయ్స్‌కి అందించాడు. "చెక్కుకో. నీ చోటు ఖాళీగానే ఉంది."

రోయ్స్ ఆ కత్తిని వెనక్కి జరిపాడు. "నాకొద్దు నాన్నా. దాని మీద వద్దు." బీన్స్ గిన్నె తీసి ముందు వాళ్ళ నాన్న పళ్ళెంలో వడ్డించాడు. ఆయన తినలేదు, లేచి వెళ్ళనూ లేదు.

శనివారం తెల్లవారి లోయంతా అక్కడొకటి ఇక్కడొకటి తుపాకీ చప్పుళ్ళు మొదలయ్యాయి. జోసీ వెళ్ళలేదు. ముందు రాత్రి భోజనాలయ్యాక రోయ్స్ హోబార్ట్ కొట్టు మూసేలోపు వెళ్ళి ఆ పొట్టి రైఫిల్ తెచ్చాడు. నేను దాన్నీ నమ్మలేదు. డొల్ల పెట్టి, బొడిపె లాగి, పదిసార్లు కాదు, యాభైసార్లు నేలకేసి కొట్టాను. రోయ్స్ ఆపలేదు, లెక్కపెట్టాడు. ఒక్కసారీ టక్ అనలేదు.

ఇప్పుడు బడి నుంచి రాగానే జోసీ వరండా మెట్ల మీద కూర్చుంటుంది. తూటా గది ఖాళీ అని ముందు నాకు చూపించాలి, నేను చిటికెన వేలు పెట్టి చూడాలి. డొల్ల పెట్టి, గొట్టం మట్టి గట్టు వైపు తిప్పి, ఆ బొడిపెను లాగుతుంది. మొదటి రెండు వారాలు సగం దాకానే. నన్ను తిట్టుకుంటూ, హోబార్ట్‌ని తిట్టుకుంటూ లాగింది. నిన్న వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే వినిపించింది, టక్ అని. కత్తి పట్టుకునే పరుగెత్తాను.

"నేనే అమ్మా! నేనే లాగాను, నేనే నొక్కాను!" అంటోంది, బొటనవేలు నోట్లో పెట్టుకుని.

"మళ్ళీ చెయ్యి" అన్నాను.

లాగింది. ఆగింది. నా మొహం చూసింది. నేను ఎదురుచూశాను. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు. జోసీ నొక్కాకే వచ్చింది.