ఒకే ముఖం, రెండు పేర్లు

మగ్గం మీద చీర సగంలో ఉండగా నీలావతి ఫోన్ మూగబోయింది. మొదట టవర్ పోయిందనుకుంది. రెండు రోజులైనా సిగ్నల్ రాకపోయేసరికి ధర్మవరం స్టేషన్ రోడ్డులో మారుతి సెల్ షాపుకు వెళ్లింది. ఆమె నేసిన చీరలు కొనే బెంగళూరు వాళ్లకు ఆ నంబరు తప్ప ఇంకేమీ తెలియదు.

మారుతి నంబరు కొట్టి చూసి తల గోక్కున్నాడు.

"అక్కా, కంపెనీ వాళ్లు ఆపేసినారు. ఒకే మొగం, రెండు పేర్ల మీద సిమ్ములు ఉండాయంట."

"అదేం మాటప్పా?"

"దొంగ సిమ్ములు ఏరల్లని పైనుంచి కంపెనీలన్నిటికీ ఆర్డరు వచ్చిండాది. ఫొటోలన్నీ కంప్యూటరే పోల్చి చూస్తాది. నీ మొగం ఉలిగమ్మ అనే పేరు మీద కూడా దొరికింది. రెండూ ఆపేసినారు. ఎవురామె?"

"మా అక్క. ఒకే కాన్పులో పుట్టినాం."

"కవలలా! అట్లయితే భయం లేదులే. ఇద్దరూ వచ్చి కెమెరా ముందర కూర్చుంటే చాలు."

"అక్క పోయి రెండేండ్లాయప్పా" అంది నీలావతి.

మారుతి గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. మరణ ధ్రువపత్రం తెస్తే నీలావతి నంబరు తిరిగి వస్తుంది. ఉలిగమ్మ నంబరు మాత్రం శాశ్వతంగా పోతుంది.

"దాని బిడ్డ పేరు మీదికి మార్చేకి కాదా? ఆ పాపే వాడుకుంటాండాది."

"ఆపకముందు అడిగింటే మారేది. ఇప్పుడు మారదక్కా."

నీలావతి అతని చేత కంపెనీకి ఫిర్యాదు పెట్టించింది. దాని మీద అప్పీలు కూడా పెట్టించింది. రెండింటికీ ఒకటే జవాబు వచ్చింది: వినియోగదారు స్వయంగా వచ్చి ముఖం చూపించాలి.

మరుసటి ఉదయం ఆమె రైలెక్కి హిందూపురం వెళ్లింది. అక్క కూతురు అశ్విని అక్కడ గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది. తండ్రి లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. సంగతి వినగానే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఆ నంబరు పోకూడదు చిన్నమ్మా. అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకున్నోళ్లు ఇంకా ఫోన్ చేస్తానే ఉండారు. గోరంట్ల నుంచి ఒక అవ్వ అయితే నెలనెలా చేస్తాది."

"నువ్వేం చెప్తావు వాళ్లకి?"

"అమ్మ పనిలో ఉండాది అంటాను." అశ్విని తల తిప్పుకుంది. "అమ్మ లేదని నేను ఎవురికీ చెప్పలేదు."

ఆ పిల్ల నీలావతి రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు అమ్మ మాదిరి కూర్చో చిన్నమ్మా. నీ మొగమే కదా, కెమెరాకి ఏం తెలుస్తాది? నీకు కొత్త నంబరు తీసుకుందాం."

అది తప్పని నీలావతికి తెలుసు. అయినా తల్లి లేని పిల్ల అడిగిన మొదటి కోరిక. సరేనంది.

హిందూపురంలో కంపెనీ షాపులో ఉన్నామె ఉలిగమ్మ ఆధార్ కార్డు తీసుకుని నీలావతిని కుర్చీలో కూర్చోబెట్టింది. ఫోన్ ఎత్తి పట్టుకుంది. తెరమీద గుండ్రటి గీత మధ్య ముఖం కనిపించింది.

"కండ్లు మూసి తెరువమ్మా."

నీలావతి కళ్లు మూసింది. తెరిచింది.

వెనక నిలబడి తెరనే చూస్తున్న అశ్విని ఒక్కసారిగా "వద్దు" అంది. "వద్దు చిన్నమ్మా, లెయ్యి."

షాపామె అయోమయంగా చూస్తుండగానే ఆ పిల్ల నీలావతిని చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"పెనుకొండ ఆస్పత్రిలో తెల్లార్లూ చూస్తానే ఉంటి చిన్నమ్మా, అమ్మ కండ్లు ఒక్కసారి తెరుస్తాదేమో అని. తెరవలేదు. ఇప్పుడు నువ్వు తెరిస్తే..."

నీలావతి ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా లేవలేదు.

మర్నాడు ఇద్దరూ కలిసి పెనుకొండ వెళ్లారు. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలి ఉలిగమ్మ ఆ ఊళ్లోనే కన్ను మూసింది. ఆమె మరణ ధ్రువపత్రం కోసం ఈ రెండేళ్లలో ఎవరూ అడగలేదు. జనన మరణాల ఆఫీసులో గుమస్తా రిజిస్టరులో వెతికి, కాగితం తీసి, పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోమన్నాడు. అశ్విని చదివింది. ఉందని చెప్పింది.

ఆ కాగితం మారుతి కంపెనీకి పంపించాక నాలుగో రోజు నీలావతి ఫోన్ మోగింది. ఉలిగమ్మ నంబరు రద్దయినట్టు కంపెనీ నుంచి సందేశం కూడా వచ్చింది.

ఆదివారం నీలావతి మళ్లీ హిందూపురం వెళ్లింది. అశ్విని తన పేరు మీద కొత్త సిమ్ తీసుకుంది. తల్లి పాత ఫోన్‌లోని నంబర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. మొదట గోరంట్ల అవ్వకే చేసింది.

"అవ్వా, నేను ఉలిగమ్మ బిడ్డను మాట్లాడతాండా. అమ్మ చనిపోయింది."

అవతల ఏడుపు, నీలావతికి కూడా వినిపించేంత గట్టిగా. ఎప్పుడు, ఎట్ల, నాకు చెప్పలేదేమే అంటూ ఆ ముసలామె గుండెలు బాదుకుంటున్నట్టుంది.

"ఊరుకో అవ్వా" అని అశ్విని చెబుతూనే ఉంది. "అమ్మకు నొప్పి తెలియలేదంట. డాక్టరు చెప్పినాడు. ఊరుకో."