పంచుకోని దేవుడి పేరు

వీరప్పను బాంబులేసి పడగొట్టి, లేవబోతుంటే వేటకొడవళ్లతో నరికారు. మెడ తెగడానికి మూడు దెబ్బలు పట్టిందని చూసినవాళ్లు చెప్పారు. అది 2004 వేసవి. చచ్చినవాడు తన మనిషి కావడంతో, తాడిపత్రి బండల ఫ్యాక్టరీ యజమాని భరత్ అప్పటినుంచి తన ప్రయాణం సంగతి పెళ్లానికి కూడా చెప్పడం మానేశాడు. రోజుకొక దారి, రోజుకొక వేళ. బండి కదిలితే సెల్‌ఫోను ఆపేసేవాడు.

అతని తెల్ల సుమో నడిపేది ఆంజినప్ప. ఆంజినప్ప కూతురు సుష్మ అదే ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరు. ఆమెకు నాయన తప్ప ఎవరూ లేరు.

ఆ రోజు భరత్‌కు అనంతపురం కోర్టులో వాయిదా. ఏ దారిన, ఎన్నింటికి వస్తారో ముందురోజు సాయంత్రం సుష్మే లాయరుకు మెయిలు పంపింది. కోర్టు దగ్గర పోలీసులను పెట్టించాలంటే ఆయనకు ఆ మాట తెలియాలి. పొద్దున పదింటికి సుమో వెళ్లిపోయింది. సుష్మ మెయిలు తెరిచింది. లాయరు జవాబు రాత్రే వచ్చి ఉంది. చదవని మెయిలు లావు అక్షరాలతో కనబడాలి. ఇది సన్నగా ఉంది. ఎవరో అప్పటికే చదివారు.

"మెయిలు మీరేమన్నా తెరిచినారా సార్?"

మేనేజరు గోపాలయ్య నవ్వాడు. "ఆ మౌసు పట్టుకుంటేనే నా చెయ్యి వణుకుతాది. నేనేం తెరుస్తా తల్లీ?"

"మరి పాస్‌వర్డు ఎవరికి తెలుసు?"

"మనకు, భరత్‌కు, ఆ ఓబులేసుకు!"

పాస్‌వర్డు ఓబులేసే. భరత్ ఇంటి దేవుడు. ఆయుధపూజ రోజు కంప్యూటరుకు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, భరతే ఆ పేరు పెట్టించాడు. మారుద్దామని సుష్మ రెండుసార్లు అడిగింది. "దేవుని పేరు తీసేస్తావా? నోరు కడుక్కో పో" అన్నాడు.

ఆ పేరు తెలిసినవాడు ఇంకొకడున్నాడని సుష్మకు అప్పుడు తట్టింది. వీరప్పను చంపించిన శ్రీకాంత్ ఎవరో కాదు, భరత్ పెదనాయన కొడుకు. ఎనిమిదేళ్ల కిందట ఇల్లు చీలినప్పుడు చేను, బావి, క్వారీ, చివరికి రాగిబిందెలు కూడా పంచుకున్నారు. దేవుణ్ణి మాత్రం పంచుకోలేదు. ఇప్పటికీ రెండిళ్లవాళ్లూ ఆ పేరు తలచుకునే దీపం పెడతారు.

"సార్, మెయిల్లో రాసిన శింగనమల దారిలో శ్రీకాంత్ మనుషులు కాసుకోనుంటారు. బండిలో మా నాయన..."

గోపాలయ్య ఫోను చేశాడు. భరత్ ఫోను ఆపి ఉంది. స్టేషనుకు చేశాడు. "జీపు యాడికో పోయిందంట. రావాలంటే గంట పడతాదంట" అన్నాడు.

సుష్మ లాయరుకు ఇంకో మెయిలు కొట్టింది. దారి మార్చాం, పామిడి మీదుగా గార్లదిన్నె దారిలో పన్నెండింటికి వస్తాం, అదే తెల్ల సుమో. దొంగతనంగా చదివేవాడు పంపిన మెయిళ్లు కూడా చూడక మానడు.

"ఆ దారిలో ఇంకెవరన్నా ఉంటే?" అన్నాడు గోపాలయ్య.

"మా నాయన ఉండడు" అంది సుష్మ.

పన్నెండు దాటాక గార్లదిన్నె దగ్గర ఒక తెల్ల సుమో అద్దం మీద మొదటి బాంబు పడింది. రెండోది ముందుచక్రం కింద పేలింది. మొహాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు డ్రైవరును జుట్టు పట్టి బయటికి లాగారు.

"భరత్ యాడ్రా?"

"ఏ భరతప్పా? నాది బాడుగ బండి. ఆస్పత్రికి..."

కొడవలి దవడ మీద దిగింది. తర్వాతి దెబ్బలను అతను అరచేతులతో కాసుకోబోయాడు. వేళ్లు తారు రోడ్డు మీద పడ్డాయి. వెనక సీట్లో గుత్తి నుంచి ఆస్పత్రికి పోతున్న ముసలామె, ఒడినిండా గాజుపెంకులతో చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం భరత్ సుమో గీటు కూడా పడకుండా తిరిగి వచ్చింది. గోపాలయ్య అంతా చెప్పాడు. భరత్ సుష్మ తల నిమిరాడు.

"నా పానం నిలబెట్టినావు తల్లీ. ఆ పాస్‌వర్డు మార్చినావా?"

"మార్చినా. మీక్కూడా చెప్పను, అన్నా."

భరత్ పెద్దగా నవ్వాడు. ఆంజినప్ప నవ్వలేదు.

"గార్లదిన్నె కాడ చచ్చింది మన యేసన్న" అన్నాడు. "బాడుగ బండ్ల స్టాండులో ఇద్దరమూ ఒకే ప్లేట్లో తినేటోళ్లం. వాళ్లను ఆ దారికి పంపింది నువ్వేనా పాపా?"

"నీ కోసమే నాయనా."

ఆంజినప్ప బండి తాళాలు టేబిలు మీద పెట్టాడు. "యేసన్న ఇంటికి పోతాండా. నువ్వు రావద్దు."

అతను మూడోరోజు ఇంటికి వచ్చాడు. కూతురి చేతి అన్నం మాత్రం మళ్లీ ముట్టలేదు.