మెరిసే వైపు బొట్టు

నేను ఒక సీడీని. ప్రింటర్ కొన్నవాళ్లకు అట్టపెట్టెలో దాంతోపాటు ఊరికే వస్తాను. ఊరికే వచ్చినదానికి మనుషులిచ్చే విలువెంతో నాకు బాగా తెలుసు. ఒకవైపు నా పేరుంటుంది, రెండోవైపు మెరుస్తుంది. ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కు నేర్పే డ్రైవర్ ఆ మెరిసే వైపే ఉంది. ఇంత చిన్న సంగతి నన్ను తెచ్చుకున్న మహానుభావుల తలకెక్కడానికి పదకొండేళ్లు పట్టింది.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, బొబ్బిలి దగ్గర ఒక ప్రైవేటు హైస్కూలు ఆఫీసులో పడ్డాను. అక్కడి గుమాస్తా జోగారావు. మరమరాలు తింటూ, ఆ చేత్తోనే కీబోర్డు నొక్కే మనిషి. కంప్యూటర్ ఆగితే దాని నెత్తిన ఒక మొట్టికాయ. ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. నన్ను మొదటిరోజు ఒక్కసారి వాడుకుని సొరుగులో పడేశాడు. భక్తి మాత్రం జాస్తి. ప్రతి దసరాకీ ఆయుధపూజ చేసి ప్రింటర్‌కీ, మౌస్‌కీ, నాకూ గంధం రాసి కుంకుమబొట్టు పెట్టేవాడు. నాకు ఎటువైపు పెట్టాడనుకున్నారు? మెరిసే వైపు. అటైతే బొట్టు నిండుగా కనిపిస్తుందట.

ఒక ఏప్రిల్‌లో వైరస్ పట్టిందని ఎవరో వచ్చి కంప్యూటర్‌ను మొత్తం తుడిచి, మళ్లీ మొదటినుంచి అన్నీ ఎక్కించి వెళ్లారు. దాంతో ప్రింటర్ ఎవరో దానికి గుర్తు లేకుండా పోయింది. మర్నాడు పొద్దున్నే పైడమ్మ పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది. ఆ స్కూల్లో ఆయా. నలభై రెండేళ్ల వయసులో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. పాసైతే అటెండరుగా తీసుకుంటామని స్కూలువాళ్లు మాటిచ్చారు. ఆ మధ్యాహ్నమే మొదటి పరీక్ష. హాల్‌టికెట్ ప్రింటు తీసుకుని ఒంటిగంట బస్సు ఎక్కకపోతే ఏడాది పోయినట్టే. ఊళ్లో ఉన్న ఒక్క నెట్ సెంటరూ పెళ్లికని మూసేశారు.

"ఎంతసేపు పైడమ్మా, రెండు నిమిషాలు," అన్నాడు జోగారావు.

ఆ రెండు నిమిషాలు పన్నెండు దాకా సాగాయి. వైరు పీకి పెట్టాడు. రీస్టార్ట్ చేశాడు. మొట్టాడు. నెట్‌లో దొరికిన కొత్త డ్రైవర్లు, ఇంత పాత కంప్యూటర్‌లో మేం పనిచెయ్యమని తెగేసి చెప్పాయి. అప్పుడు నేను గుర్తొచ్చాను. బొట్టుతో సహా లోపలికి తోశాడు. గిరగిరా తిరిగాను. పదకొండు దసరాల గంధం, కుంకుమ పేరుకుపోయి ఉంటే ఎవరు చదవగలరు? డిస్కు పెట్టమని అడిగింది తెర. ఆయన నన్ను తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ అలాగే పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. నోరుంటే దులిపేసేదాన్ని.

"డొక్కు సీడీ అంటగట్టారు వెధవలు," అని నన్ను బల్ల మీదకు విసిరాడు.

పైడమ్మ గడియారం చూసింది. పన్నెండున్నర. తర్వాత నన్ను చూసింది.

"బాబూ, ఆ ఎర్రటిదేటి?"

"బొట్టు. దసరాకి పెట్టింది."

"మా ఇంట్లో సినిమా సీడీలు చేతి మరక పడితేనే ఆగిపోయేవి. ఓపాలి తుడవనా?"

"పూజచేసి పెట్టిన బొట్టు తుడుస్తావా? తప్పు."

"దేవుడేటీ అనుకోడు బాబూ. నా బస్సు ఎల్లిపోతాది."

ఇంకో మాటకు ఆగలేదు. చెంగు తడిపి, మధ్యలోంచి అంచుకు, మళ్లీ మధ్యలోంచి అంచుకు, నెమ్మదిగా తుడిచింది. ఒక్క గీత పడనివ్వలేదు. నన్ను పట్టుకోవడం తెలిసిన మనిషి ఆ ఆఫీసులో ఆవిడొక్కతే. ఈసారి లోపలికి వెళ్లగానే కంప్యూటర్‌కు నేను చెప్పాల్సినదంతా చెప్పాను. ప్రింటర్ మూలిగి కాగితం బయటపెట్టింది. దాని వేడి ఆరకముందే ఆవిడ గేటు దాటింది.

"రెండు నిమిషాలే అన్నానా లేదా?" అన్నాడు జోగారావు, ఖాళీ గదితో.

ఇప్పుడు పైడమ్మ ఆ ఆఫీసులో అటెండరు. మొన్న దసరాకి ఆయన యథాప్రకారం కుంకుమ గిన్నెతో వచ్చి, నన్ను మెరిసే వైపుకి తిప్పాడు.

"అటు కాదు బాబూ," అంది పైడమ్మ, రిజిస్టరులోంచి తలెత్తకుండా. "ఇటు."

జోగారావు నన్ను తిరగేసి, పేరున్న వైపే బొట్టు పెట్టాడు.