లంకెబిందెల చోట నేతి గరిటె

నేను ఒక నేతి గరిటెను. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలో పుట్టాను. కాడ మీద చుక్కలు చుక్కలుగా "మంగాయమ్మ" అని పేరు కొట్టించారు. పేరు కొట్టించుకున్న సామానుకు కాస్త పొగరుంటుంది. దాచడమెందుకు, నాకూ ఉంది.

వేడి అన్నంలో నెయ్యి వడ్డించడం నా పని. మనుషుల సంగతి నాకు తెలిసింది అక్కడే. "చాలు, చాలు" అంటారు. చెయ్యి మాత్రం అడ్డం పెట్టరు.

మంగాయమ్మ, ఆమె తోటికోడలు పేరంటాలు ఒకే పొయ్యి మీద వండేవారు. ఒకనాడు నేను అంట్లలో పడి ఉంటే, నెయ్యి వాసనకు టైగర్ వచ్చింది. పేరుకే టైగర్, పిల్లిని చూస్తే మంచం కిందకు దూరే కుక్క. నన్ను దొడ్లోకి ఎత్తుకెళ్లి, శుభ్రంగా నాకి, పాతిపెట్టి, పైన పడుకుంది. "ఎంత విశ్వాసమో, దొడ్డి వదలదు" అని మంగాయమ్మ దానికి పెరుగన్నం పెట్టింది.

ఆ వారమే అన్నదమ్ములు వేరుపడ్డారు. సామాన్ల పంపకంలో మంగాయమ్మ ఒక్క మాట అంది. "పేరంటాలూ, నా గరిటె నీ మూటలోకి వచ్చిందేమో చూడవే."

పేరంటాలు తన సామానంతా వీధి అరుగు మీద బోర్లించి, ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. "ఆ గరిటె వచ్చి నేను దొంగను కాదని చెప్పాలక్కా. అప్పటిదాకా నీకూ నాకూ మాటల్లేవు" అంది.

మధ్యలో గోడ లేచింది. ఇరవై ఏడేళ్లు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మంగాయమ్మ రోజూ నా మీదుగానే నడిచేది. చెబుదామంటే నాకు నోరు లేదు. గరిటెకు నోరుంటే గిన్నెలో నెయ్యి మిగులుతుందా?

మొన్న వేసవిలో ఆమె కొడుకు సత్తిబాబు, లోహం ఉన్నచోట కూతపెట్టే యంత్రమొకటి తెచ్చాడు. దొడ్లో తాతలనాటి లంకెబిందెలు ఉన్నాయని అతని నమ్మకం. అది సోడా మూతల దగ్గర కూసింది, ఎద్దు నాడా దగ్గర కూసింది. పక్కన పెట్టిన తన గునపాన్ని చూసి కూస్తే, అక్కడా గొయ్యి తవ్వాడు.

చివరికి నేను దొరికాను. నా కాడ నిండా కుక్కపళ్ల గాట్లు, చుట్టూ టైగర్ దాచుకున్న ఎముకలు. మంగాయమ్మ చూసి అక్కడే చతికిలపడింది. మెల్లగా, "పూడ్చెయ్యరా" అంది.

పూడ్చాడు. కానీ యంత్రాన్ని ఆపడం అతనికి చేతకాలేదు. అది నా మీదే కూస్తూ ఉంది.

"ఏం దొరికిందేంటి సత్తిబాబూ?" గోడ అవతలి నుంచి పేరంటాలు అడిగింది.

"ఏం లేదు పిన్నీ."

యంత్రం మళ్లీ కూసింది. పాపం, దానికి అబద్ధాలు రావు.

మంగాయమ్మ చేత్తోనే మట్టి తోడి నన్ను తీసింది. చింతపండుతో తోమింది. చెంగు చాటున దాచకుండా, వీధిలో అందరికీ కనబడేలా పట్టుకుని పేరంటాలు ఇంటికి వెళ్లింది. పేరంటాలు అప్పుడే అన్నానికి కూర్చుంది.

"గరిటె వచ్చిందే. టైగర్ ఎత్తుకుపోయింది. నేను నిన్నన్నాను" అంది మంగాయమ్మ. నన్ను ఆమె కంచం పక్కన పెట్టింది.

పేరంటాలు నా పళ్లగాట్లను వేలితో తడిమింది. "ఆ కుక్కకు నేనూ పెరుగన్నం పెట్టాను కదక్కా" అంది. తర్వాత నేతిగిన్నె ముందుకు జరిపింది.

మంగాయమ్మ వడ్డించింది. ఒక గరిటె, రెండు, మూడు. పప్పు మునిగింది. నెయ్యి కంచం అంచుదాకా వచ్చింది. బతుకంతా విన్న ఆ మాట కోసం నేను ఎదురుచూశాను.

పేరంటాలు చాలు అనలేదు.