ఇద్దరి పేర్ల మీద

మా ఊళ్ళో తుపాకుల సేఫ్ నంబరు పెళ్ళానికి చెప్పని మగవాళ్ళు చాలామందే ఉన్నారు. అడిగితే చట్టం పేరు చెబుతారు. సేఫ్‌లో తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉంటే, అది ఎవరి పేరున నమోదైతే వాళ్ళ చేతిలోనే ఉండాలట, నంబరు తెలిస్తే చాలు భార్య మీద కూడా ఫెడరల్ కేసు పడుతుందట. అందులో నిజమెంతో, సాకెంతో మొంటానాలో ఇన్నేళ్ళుగా తుపాకుల కొట్టు నడుపుతున్న నాకు బాగానే తెలుసు.

కొత్త నిబంధనలతో ఆ సాకు ఊడిపోయింది. సైలెన్సర్ మీద పన్ను ఎత్తేశారు. భార్యాభర్తలు ఇద్దరి పేర్ల మీదా నమోదు చేయించుకోవచ్చన్నారు. ఆ వారమే హార్లన్, కోరిన్ దంపతులు సైలెన్సర్ కొనడానికి కొట్టుకు వచ్చారు. హార్లన్‌ది పశువుల రాంచ్. కరువుకు గడ్డి లేక నిరుడు తాత కాలం నాటి మందనంతా అమ్మేశాడు. అప్పటి నుంచి మనిషి సగమయ్యాడు. చర్చికి రావడం మానేశాడు, ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు.

కోరిన్ మాత్రం ఆ రోజు మహా హుషారుగా ఉంది. నమోదు కాగితాల మీద వేలిముద్రలు వేసి, సిరా తుడుచుకుంటూ నాకు కన్ను గీటింది.

"వెల్డా, నా పేరు కూడా ఎక్కుతోందిగా! ఇంక నంబరు నాకు చెబితే జైల్లో పెట్టరుగా?"

"ఎవర్నీ పెట్టర్లే," అన్నాను నవ్వుతూ.

"విన్నావా, హార్లన్? ఆ ఇనప్పెట్టెలో ఇంకో పెళ్ళాన్ని దాచావేమోనని ఎప్పట్నుంచో నా అనుమానం. చెప్పు నంబరు."

హార్లన్ నవ్వలేదు. "నీకెందుకు?"

"ఎందుకేంటి? చట్టమే ఒప్పుకుంటే నీకేం నొప్పి?"

"అయితే సైలెన్సరే వద్దు. వెల్డా, ఆ కాగితాలు చింపెయ్."

కోరిన్ ముఖంలో నవ్వు మాయమైంది. అప్పుడు వెలిగింది నాకు. ఆమె జన్మలో తుపాకీ పట్టలేదు. సైలెన్సర్ కొందామని పట్టుబట్టింది మాత్రం ఆమే. ఆమెకు కావలసింది సైలెన్సర్ కాదు, నంబరు.

"చట్టం సంగతి అవతల పెట్టు హార్లన్," అన్నాను. "నంబరు ఎందుకు చెప్పవు?"

అతను వేళ్ళకున్న సిరా మరకలు రుద్దుకుంటూ చెప్పాడు.

"తనకి తెలియకపోతేనే మంచిది. రేపు నేనేదైనా చేసుకుంటే, నంబరు తెలిసి కూడా సేఫ్ ఖాళీ చెయ్యలేకపోయానే అని కుమిలిపోతుంది. తెలియకపోతే తన తప్పేం ఉండదు కదా."

గడ్డి ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ మామూలుతనానికి నాకు భయమూ వేసింది, ఒళ్ళూ మండింది. ఇన్నాళ్ళు ఇదా ఇతను కూర్చుని ఆలోచించింది!

కోరిన్ కౌంటర్ మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"నా తప్పుండదా? నువ్వు పోయాక, తప్పు లేదులే అనుకుంటూ హాయిగా బతకాలా నేను? సిగ్గు లేదూ నీకు, అలా లెక్కలేసుకోవడానికి?" ఆమె అతని వైపు వంగింది. "నంబరు చెప్పు."

చెప్పాడు. ఒక్కో అంకె ఆగి ఆగి చెప్పాడు. ఆమె పెదవులు కదుపుతూ గుర్తుపెట్టుకుంది.

నేను కొట్టు మూసి ఉందని బోర్డు తిప్పి, ట్రక్కు తాళాలు చేతిలోకి తీసుకున్నాను. "పద కోరిన్. మీ సేఫ్‌లో తుపాకులన్నీ తెచ్చి నా ఇనప గదిలో పడేద్దాం. నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో తర్వాత చూసుకుంటా. దారిలో డాక్టర్‌కి ఫోన్ చేద్దాం."

"మీరు వెళ్ళి రండి," అంటూ హార్లన్ కుర్చీలో కూలబడ్డాడు. "నేనిక్కడే కూర్చుంటా."

నేనూ కోరిన్ ఒక్కసారే గోడల వైపు చూశాం. నాలుగు వైపులా తుపాకులే. హార్లన్ కూడా తలెత్తి చూశాడు.

"లే," అంది కోరిన్, చెయ్యి చాస్తూ.

"మరి ఎక్కడ కూర్చోను?" నిజంగానే తెలియనట్టు అడిగాడు.

"ట్రక్కులో. మా ఇద్దరి మధ్య."