చీల చిగురించే దాకా

కుర్చీల వడ్రంగికి ఒక సుగుణం ఉంది: తన లోపం బయటపెట్టి ఎవర్నీ బాధపెట్టడు.

ఎనిమిది నెలలుగా రెండు తుంటుల్లోనూ పోటు, కుడివైపు మరీను. కుంటుతున్న కుర్చీకి ఏం చేస్తాడో తనకూ అదే చేసుకున్నాడు. కుడి చెప్పు కింద చెక్కముక్క అంటించాడు. ఎవరైనా అడిగితే నేలే ఎత్తుపల్లాలుగా ఉందనేవాడు.

అతని పనితనం అందరికీ తెలిసిందే. విరిగిన కుర్చీ కాలికి చెక్క చీల దిగ్గొడితే, అతుకు పట్టిన గుర్తుగా మూడోనాటికి చీల తలమీద ఒక ఆకు వేసేది. జనం ఆకు గిల్లేసి కూర్చునేవాళ్లు. ఆకు రాకపోతే కుర్చీ వెనక్కి తెచ్చి తగువు పెట్టుకునేవాళ్లు.

ఎముకల డాక్టరమ్మ ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూపించింది. రక్తం అందక తుంటి బంతుల్లో ఎముక చచ్చిపోతోందట. కుడిది అప్పటికే కుంగిపోయింది, ఎప్పటికైనా తీసేసి లోహపుది పెట్టాల్సిందే. ఎడమది ఇంకా గుండ్రంగా ఉంది. చచ్చిన భాగం తొలిచేసి, పిక్క పక్కనుండే సన్నెముక ముక్కను రక్తనాళంతో సహా తెచ్చి అందులో దిగేస్తే నిలవచ్చు.

"ఆరు వారాలు ఆ కాలు నేల మోపకూడదు. మోపితే అదీ కుంగుతుంది," అందామె. "చెక్కముక్క అంటించిన రోజే వచ్చుంటే రెండూ దక్కేవి."

"చీల సంగతేగా, నాకు తెలియనిదా," అన్నాడు వడ్రంగి.

ఆపరేషనైన మూడోనాడు కట్టు చూసుకున్నాడు. ఆకు లేదు. నాలుగోనాడూ లేదు. రెండో వారానికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో వారంలో, ఇరవయ్యేళ్లుగా మాటల్లేని ఎదురుకొట్టు వడ్రంగిని పిలిపించి తన ఉలులన్నీ ఇచ్చేశాడు. భార్యే వాటిని గుడ్డలో చుట్టి, పెదవి విప్పకుండా, వచ్చినవాడి చేతిలో పెట్టింది.

ఆరు వారాలు నిండాక డాక్టరమ్మ కొత్త ఫిల్ము చూసి, ముక్క అతుక్కుందంది.

ఇంటికొచ్చి, చంకకర్రల మీద నిలబడి దువ్వెన కోసం భార్య పెట్టె తెరిచాడు. అడుగున ఎండిన ఆకులు. లెక్కపెడితే నలభై. మూడోనాటి నుంచి రోజుకొకటి.

"పొద్దున్నే కట్టులోంచి తొంగిచూసేది. మీరు లేవకముందే గిల్లేసేదాన్ని," అంది వెనకనుంచి.

"ఉలులు పోతుంటే కూడా నోరు విప్పలేదేం?"

"విప్పితే ఆ పూటే లేచి నిలబడేవారు. కాదని చెప్పండి."

అతను ఆకుల్ని ఉన్నచోటే పెట్టి పెట్టె మూశాడు.

ఇప్పుడు రోజూ కొట్టు తెరిచి ఉత్తచేతులతో కూర్చుంటాడు. ఎదురుకొట్టులో తన ఉలి చప్పుడు ఏదో, అవతలివాడిది ఏదో పోల్చుకోగలడు. వెళ్లి అడగండి, ఇస్తాడు అంటుంది భార్య. వీధి దాటితే చాలు, ఎడమ కాలు ఆ మాత్రం మోయగలదు. అడగడం మాత్రం అతనికి ఇంకా చేతకాలేదు.