అమ్మ పౌడరు

ముఖం చూసి హాజరు వేసే యంత్రాలు నల్లగా ఉన్నవాళ్లను ఎందుకు గుర్తుపట్టవో తేల్చడం మా ల్యాబులో పని. మూడేళ్లుగా నేను పట్టికలు తయారుచేస్తున్నాను. నా తర్వాత ఏడాదికి చేరిన ఇంకో అమ్మాయి అదే పరిశోధన బొమ్మలతో చేస్తుంది. అందరూ ఆమెను కుంచె అంటారు. ఆమె బొమ్మల ముందు జనం ఆగుతారు. నా పట్టికల దగ్గర ఆగిపోయేది ప్రింటరొక్కటే.

బుధవారం యంత్రాల కంపెనీవాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు మాట్లాడడానికి పది నిమిషాలు, అదీ ఒక్కరికే. ఎవరికన్నది సోమవారం సాయంత్రం చెప్తానన్నారు మా ల్యాబు నడిపే మేడమ్. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పది నిమిషాలు నాకు కావాలి.

కుంచె ఈసారి మా అమ్మ పనిచేసే లాండ్రీలో ఆడవాళ్ల బొమ్మలు వేసింది. అక్కడి హాజరు యంత్రం వాళ్లను గుర్తుపట్టదట. నాకు లోలోపల సంతోషమేసింది. ఆ లాండ్రీ గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టింది నేనే. యంత్రం చేసినవి వందకు నాలుగే తప్పులు. నా పట్టికలో ఆ ఒక్క వరుస చూపిస్తే ఆమె బొమ్మలు పెట్టిన గోడంతా కట్టుకథ అయిపోతుంది.

సోమవారం షిఫ్టు దిగి అమ్మ తన బొమ్మ చూసుకోవడానికి ల్యాబుకు వచ్చింది.

"రా పిన్నీ," అంటూ కుంచె ఎదురెళ్లింది. మా అమ్మ ఈమెకు పిన్ని ఎప్పుడైందో నాకు తెలియదు.

బొమ్మలో అమ్మ ముఖం సగం తెల్లగా ఉంది, సగం తన రంగులో ఉంది.

"ఏంటిది, రంగు అయిపోయిందా?" అన్నాను.

"పౌడరే," అంది అమ్మ. "అది లేకపోతే ఆ మెషిను మమ్మల్ని మనుషుల్లో జమకట్టదు. అందరం ఇంటి దగ్గరే పూసుకుని వస్తాం."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా. పౌడరు పూసుకుంటూ అద్దం ముందు నిలబడితే, సినిమాలో వేషం ఇచ్చారా అన్నావు. ఈ పిల్ల మాత్రం బొమ్మ వేయడానికొచ్చి, పక్కన కూర్చుని, పనికెళ్తూ పౌడరెందుకు పిన్నీ అనడిగింది."

అమ్మదీ నాదీ ఒకే ఇల్లు, ఒకే అద్దం. ఆమెకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.

అప్పుడు నా వరుస గుర్తొచ్చింది. నేను గేటు దగ్గర లెక్కపెట్టింది పౌడరు పూసుకున్న ముఖాలను. కుంచె నా పట్టిక చూడలేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

మేడమ్ తన గదిలోకి పిలిచారు. "నీ లాండ్రీ లెక్క చూశాను. బొమ్మకీ దానికీ పొంతన లేదు. బుధవారం నువ్వే మాట్లాడు."

మూడేళ్లుగా ఎదురుచూసిన మాట.

"ఆ లెక్క తప్పు మేడమ్," అన్నాను. పౌడరు సంగతంతా చెప్పాను. "ఆమెనే మాట్లాడమనండి."

బయటికొచ్చేసరికి మెట్ల మీద అమ్మ తన అన్నం డబ్బా మూత తీసి కుంచెకు తినిపిస్తోంది.

"నువ్వూ రావే, ఇంకా ఉంది," అంది.

పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఆకలి లేదన్నాను.